అప్లైడ్ మ్యాథ్స్ రీసెర్చ్‌ను నమ్ముకుని ప్రొఫెసర్ కావచ్చా? నల్గొండ నుంచి ఒక జవాబు

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను అమ్మా. మీది అచ్చంపేట దగ్గర పల్లె, నాన్న మేస్త్రీ పనికి పుణె వలస పోయి వచ్చిన మనిషి, నువ్వు నల్గొండ వైపు ఒక కాలేజీలో సివిల్ ఆఖరి ఏడాది. అన్ని సబ్జెక్టుల్లోకీ లెక్కలే ఇష్టం. మూడు సంగతులు అడిగావు. అప్లైడ్ మ్యాథ్స్ రీసెర్చ్ అంటే రోజూ ఏం చేస్తారు, అది ఎవరికైనా పనికొస్తుందా లేక పేపర్ల కోసమేనా? ప్రొఫెసర్ కావడానికి ఎన్నేళ్లు పడుతుంది, అన్నేళ్లూ ఇంటికి ఏమైనా పంపగలనా? మన ప్రాంతం నుంచి పోయిన వాళ్లకు ఇది అయ్యే పనేనా? నా కూతురికీ నీ వయసే, అందుకే నువ్వు అని రాస్తున్నాను.

ఇంజినీరింగ్ పిల్లలకు గణితం చెప్పడం మొదలుపెట్టి నాకు ఇరవై ఆరేళ్లు. రీసెర్చ్ భూగర్భ జలాల మీద. రాళ్లలో నీళ్లు ఎలా కదులుతాయి, ఆ నీళ్లలో కరిగినవి ఎంత దూరం పోతాయి అన్న లెక్క. నీ మూడో ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను: అవుతుంది. నల్గొండలో, పాలమూరులో పుట్టినవాళ్లకు ఈ పనిలో ఒక బలం కూడా ఉంది. అదేంటో తెలియాలంటే మొదటి ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి.

మాది మర్రిగూడ వైపు. నా చిన్నప్పుడు మా వాడలో నలభై ఏళ్లకే నడుములు వంగిపోయి, మోకాళ్లు వంకర తిరిగినవాళ్లు ఇంటికొకరు ఉండేవాళ్లు. బడిలో పిల్లలు నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు, పళ్ల మీద గోధుమ రంగు మరకలు కనిపించకుండా. కారణం నీళ్లలోని ఫ్లోరైడ్. మన నేల కింద ఉన్నది గ్రానైటు. అందులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువై కాల్షియం తక్కువైనప్పుడు అది ఇంకా కరుగుతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న చోట నీళ్లు రాళ్ల మధ్య చాలాకాలం నిలిచిపోతాయి కాబట్టి మరింత చేరుతుంది. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. దానికి రుచి లేదు, వాసన లేదు. కాచితే పోదు సరికదా, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మా అమ్మ ఏళ్ల తరబడి మాకు నీళ్లు కాచి పోసింది, మంచిదని.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను మడ్డిగా దించి తీసే ఒక పద్ధతి ఉంది. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారు చేసింది. దాని పేరు నల్గొండ టెక్నిక్. టాంజానియాలో ఫ్లోరైడ్ గురించి రాసిన పేపర్లలో కూడా మన ఊరి పేరు కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు గర్వపడాలో బాధపడాలో తెలియలేదు నాకు. పద్ధతి మంచిదే. కానీ పటిక ఎంత వేయాలన్నది ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అన్నదాన్ని బట్టి మారుతుంది. పొద్దున లేస్తే పొలానికి పోవలసిన ఇల్లాలు రోజూ అది కొలిచి వేయాలంటే ఎట్లా కుదురుతుంది? ఇప్పుడు చాలా ఊళ్లకు మిషన్ భగీరథ నల్లాల్లో నది నీళ్లు వస్తున్నాయి, దానివల్ల తాగునీటి సంగతి చాలా మారింది. నేల కింది నీళ్లు మాత్రం అవే.

ఇక లెక్క దగ్గరికి వద్దాం. ఫ్రాన్స్‌లోని దిజోన్ పట్టణానికి నీళ్ల ఏర్పాటు చేసిన ఇంజినీరు హెన్రీ డార్సీ. ఇసుక నింపిన గొట్టంలో నీళ్లు పారించి, వేగం నీటిమట్టాల తేడాను బట్టి ఎలా మారుతుందో కొలిచి 1856లో అచ్చువేశాడు. సివిల్ చదివావు కాబట్టి ఆ సూత్రం నీకు తెలుసు. ఇప్పుడు నేల కింద ఒక చిన్న పెట్టె ఉందనుకో. నీళ్ల ప్రవాహంతో ఎంత ఫ్లోరైడ్ లోపలికి వచ్చింది, ఎంత బయటికి పోయింది, చుట్టుపక్కలకు దానంతటది ఎంత వ్యాపించింది, రాయి నుంచి ఎంత కరిగింది, మట్టికి ఎంత అంటుకుంది. ఇవన్నీ కూడి, తీసేస్తే పెట్టెలో మిగిలేది ఎంతో వస్తుంది. పెట్టెను అతి చిన్నది చేస్తే అదే పాక్షిక అవకలన సమీకరణం (పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్). నా రీసెర్చ్ అంతా ఈ ఒక్క సమీకరణం చుట్టూనే. దాన్ని కాగితం మీద సాధించగలిగే సందర్భాలు చాలా తక్కువ. మిగతాదంతా కంప్యూటర్ మీద, నేలను గళ్లుగళ్లుగా కోసి.

అసలు పని అక్కడే ఉంది. నా దగ్గర పీహెచ్‌డీ చేసిన మొదటి విద్యార్థి ఒకరోజు సంతోషంగా ఫలితాలు తెచ్చాడు. గ్రాఫు అందంగా ఉంది. కిందికి చూస్తే ఒక చోట ఫ్లోరైడ్ మైనస్ 0.3 అని ఉంది. మైనస్ ఫ్లోరైడ్ ఏ బోరులోనూ ఉండదు. ప్రోగ్రాములో తప్పేమో అని వారం రోజులు వెతికాడు, తప్పు లేదు. నీళ్ల వేగం రోజుకు 0.1 మీటరు, వ్యాప్తి గుణకం రోజుకు 0.2 చదరపు మీటర్లు, గడి పొడవు 10 మీటర్లు తీసుకున్నాం. వేగాన్ని గడి పొడవుతో గుణించి వ్యాప్తి గుణకంతో భాగిస్తే 5 వస్తుంది. దాన్ని పెక్లె సంఖ్య అంటారు. మేము వాడిన మధ్య భేదాల పద్ధతికి (రెండు పక్కల గడుల విలువలనూ సమంగా తీసుకునేది) అది 2 దాటితే జవాబు పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊగుడులో వచ్చిందే మైనస్.

అప్పుడు చాలామంది చేసేదే మేమూ చేశాం. నీళ్లు వచ్చే వైపు గడి విలువనే తీసుకునే అప్‌విండ్ పద్ధతికి మారాం. ఊగుడు పోయింది, గ్రాఫు నున్నగా వచ్చింది. ఆ నునుపు కూడా నిజం కాదు. ఆ పద్ధతి తనంతట తాను వేగం ఇంటు గడి పొడవులో సగం అంత వ్యాప్తిని కలిపేస్తుంది. మా లెక్కలో అది 0.5. నేలలో ఉన్న అసలు వ్యాప్తి 0.2 అయితే కంప్యూటర్ దొంగతనంగా కలిపింది దానికి రెండున్నర రెట్లు! ఆ ఫలితం పట్టుకుని ఫలానా బోరుకు ఫ్లోరైడ్ ఇన్నేళ్లకు చేరుతుందని ఊరివాళ్లకు చెప్పి ఉంటే? చివరికి గడిని 4 మీటర్ల లోపుకు తగ్గించి, ఓగాటా, బ్యాంక్స్ అనే ఇద్దరు 1961లో ఇచ్చిన కచ్చితమైన సాధనతో సరళమైన సందర్భాన్ని సరిపోల్చుకుని, అది కలిశాకే ముందుకు పోయాం. మూడు నెలలు పట్టింది. రోజూ ఏం చేస్తారని అడిగావు కదా, ఎక్కువ రోజులు ఇదే: వచ్చిన జవాబును నమ్మొచ్చా అని తేల్చుకోవడం.

ఇంత చేసినా మా మోడల్ తప్పే. అది కంప్యూటర్ చెప్పలేదు, ఒక రైతు చెప్పాడు. మా లెక్కలో నేల అంతా ఇసుక గొట్టంలాగా ఒకే తీరుగా ఉంది, కాబట్టి ఫ్లోరైడ్ ఒక బోరు నుంచి ఇంకో బోరుకు మెల్లగా పెరగాలి, మెల్లగా తగ్గాలి. కొలిచి చూస్తే ఒక బోరులో 1.2, దానికి అరవై గజాల దూరంలో ఉన్న బోరులో 4.8. ఫ్లోరైడ్ కొలిచే కిట్ పాడైందేమో అని నేను అనుమానపడుతుంటే ఆ చెలక పెద్దాయన అన్నాడు, "సారూ, ఆ రెండు బోర్లకు సంబంధం లేదు. వాన పడ్డ నాలుగొద్దులకే ఇది పోస్తది. అది నెల దాటినా పలకదు. దాని రాయి వేరే." ఒక్క మాటలో మా నాలుగేళ్ల మోడల్‌లోని లోపం చెప్పాడు. గ్రానైటులో నీళ్లు నడిచేది పగుళ్లలో. ఒక పగులు పైనున్న కుంటతో కలిసి ఉంటే కొత్త నీళ్లు త్వరగా చేరతాయి, ఫ్లోరైడ్ తక్కువ. పక్కనే ఇంకో పగులు దేనితోనూ కలవకుండా లోతుగా ఉంటే పాత నీళ్లు రాయిని నానబెట్టుకుంటూ కూర్చుంటాయి, ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ రోజు నుంచి మేము పగుళ్లనూ, వాటి మధ్య రాతినీ రెండు వేర్వేరు మాధ్యమాలుగా తీసుకుని, వాటి మధ్య ఇచ్చిపుచ్చుకోవడాన్ని లెక్కలో పెట్టాం. నా పేపర్లలో నేను నిజంగా నాదని చెప్పుకోగలిగినది ఆ తర్వాత రాసినదే.

నేను చెప్పిన బలం ఇదే అమ్మా. నీ రీసెర్చ్ సమస్య నువ్వు నడిచి చేరుకోగలిగే దూరంలో ఉండాలని నా నమ్మకం. వేరే దేశపు పేపర్లలో ఉన్న సమస్యను తీసుకుంటే నీ లెక్క తప్పని చెప్పడానికి ఎవరూ ఉండరు. మనకు నేల కింద ఫ్లోరైడ్ ఉంది, నేల మీద కృష్ణా కాలువలున్నాయి, సాగర్ డ్యామ్ ఉంది, జూరాల ఉంది, ఎత్తిపోతలున్నాయి. దేశంలో ఎన్నో డ్యాములు కట్టింది పాలమూరు కూలీలు. ఆ నీళ్ల లెక్క కట్టడానికి పాలమూరు అమ్మాయి ఎందుకు పనికిరాదు?

మీ ప్రాంతం మాటే చెప్తాను, ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగంలో, ముఖద్వారం నుంచి సుమారు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. నీళ్లు, బురద ముంచుకొచ్చి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. మీ ఇంటికి అది ఎంత దూరమో నీకు తెలుసు. గణితం ఉంటే వాళ్లు బతికేవాళ్లని నేను అనను, అలా అనడం అన్యాయం. కానీ పగిలిన రాయిలో నీళ్లు ఎక్కడ ఎంత ఒత్తిడితో ఉన్నాయి, తవ్వుతున్నకొద్దీ ఎటు మళ్లుతాయి అన్న ప్రశ్నకు సమీకరణం ఉంది, చేయదగిన పని ఉంది. దాని మీద ఏళ్ల తరబడి కూర్చునే మనుషులు తక్కువ. మా బోర్ల దగ్గర నేను చూసిందీ పగిలిన రాయిలో నీళ్లనే.

పేపర్ల కోసమేనా అని కూడా అడిగావు. దాచకుండా చెప్తాను, మన దగ్గర చాలాచోట్ల అవును. సాగే పలక మీద ప్రవాహం అనే ఒక సమస్య ఉంది. 1970లో క్రేన్ దానికి చక్కటి కచ్చితమైన సాధన ఇచ్చాడు. ప్లాస్టిక్ పలకలను సాగదీసి చల్లబరిచే పనికి సంబంధించినది, నిజమైన సమస్య. ఆ తర్వాత దానికి అయస్కాంత క్షేత్రం కలిపితే ఒక పేపరు, ఉష్ణ వికిరణం కలిపితే ఇంకో పేపరు, రసాయన చర్య కలిపితే మరొకటి, మామూలు ద్రవం తీసి నానోద్రవం (అతి సూక్ష్మ కణాలు కలిపిన ద్రవం) పెడితే మళ్లీ అన్నీ మొదటి నుంచి. పాక్షిక సమీకరణాలను సాధారణ సమీకరణాలుగా మార్చడం, మ్యాట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో తయారుగా ఉన్న సాల్వర్‌కు ఇవ్వడం, ఒక్కొక్క పరామితి మార్చి గ్రాఫులు గీయడం. నానోద్రవాల మీద గట్టి పని చేసేవాళ్లు ఉన్నారు, వాళ్లంటే నాకు గౌరవం. నేను తప్పుపట్టేది ఒకటే: ఏ యంత్రంలో, ఏ ఫ్యాక్టరీలో ఇవన్నీ ఒకేసారి జరుగుతాయని ఎవరూ అడగకపోవడం. ప్రమోషన్ కోసం నేనూ అలాంటివి రెండు రాశాను. వాటి పేర్లు నా విద్యార్థులకు చెప్పను, చదవమని అడగను.

డబ్బు కడితే వేసే పత్రికలు, పని చేయనివాళ్ల పేర్లు చేర్చడం, పేపర్లు కొనుక్కోవడం కూడా ఉన్నాయి. 2023లో హిందావి అనే ప్రచురణ సంస్థ పత్రికల్లో అచ్చైన 8,000కు పైగా పేపర్లను వెనక్కి తీసుకున్నారు. వాటిలో తమ పేపరు కూడా ఉందేమోనని మనవైపు వాళ్లు ఎంతోమంది టెన్షన్ పడ్డారు. యూజీసీ 2022 నిబంధనల్లో థీసిస్ ఇచ్చేముందు పేపరు అచ్చవ్వాలన్న షరతు తీసేసింది, 2025 ఫిబ్రవరిలో మంచి పత్రికల కేర్ జాబితాను కూడా ఆపేసింది. కాబట్టి ఏది మంచి పత్రికో ఇప్పుడు నువ్వే తెలుసుకోవాలి. గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన పేపర్ల లెక్క చూడకు. చివరి అయిదు పేపర్లు తెరిచి, అవి ఒకదానికొకటి ఎంత వేరుగా ఉన్నాయో చూడు. ఆయన దగ్గర పూర్తి చేసినవాళ్లకు ఫోన్ చేసి, సార్ మీ ప్రోగ్రాము ఎప్పుడైనా తెరిచి చూశారా అని అడుగు. ఏడాదికి ఇరవై పేపర్లు వేసే మనిషికి అందుకు తీరిక ఉండదు.

ఇప్పుడు ఏళ్లు, డబ్బులు. ముందు నువ్వు తేల్చుకోవలసింది ఏ తలుపు గుండా పోతావన్నది. ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ప్రకారం సంబంధిత బ్రాంచిలో బీటెక్, ఎంటెక్ ఉండాలి, రెంటిలో ఒకదాంట్లో ఫస్ట్ క్లాస్. గణితం పోస్టుకు ఎమ్మెస్సీ మ్యాథ్స్, దానితో నెట్ లేదా సెట్ అనే అర్హత పరీక్ష, లేదా పీహెచ్‌డీ. నేను రెండో తలుపు గుండా వచ్చాను. ఎమ్మెస్సీ చేసి సైన్స్, హ్యుమానిటీస్ విభాగంలో చేరాను, జీవితమంతా నీళ్ల మీదే పనిచేసినా సివిల్ విభాగంలో ప్రొఫెసర్ కాలేను. నీకు బీటెక్ సివిల్ చేతిలో ఉంది, దాన్ని వదులుకోకు. గేట్ రాసి నీటి వనరుల మీద గాని, కంప్యుటేషనల్ మెకానిక్స్ మీద గాని ఎంటెక్ చెయ్యి. అక్కడ ఉండగానే గణిత విభాగంలో పాక్షిక సమీకరణాలు, న్యూమరికల్ అనాలిసిస్ కోర్సులు వాళ్ల పిల్లలతో కలిసి కూర్చుని చదువు. ఇంజినీర్లకు చెప్పే గణితం సరిపోదు. ఒక లెక్క పద్ధతి అసలు జవాబు దగ్గరికే చేరుతుందని నువ్వే నిరూపించగలగాలి. మా మైనస్ ఫ్లోరైడ్‌ను పట్టుకున్నది ఆ నిరూపణ తెలిసినందుకే.

గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు ఇస్తారు. అందులో ఇంటికి పంపడం కష్టం, నీ ఖర్చు నువ్వు పెట్టుకోవచ్చు. ఎన్ఐటీ వరంగల్, ఐఐటీ హైదరాబాద్ వంటి చోట ఫెలోషిప్‌తో ఫుల్‌టైమ్ పీహెచ్‌డీ దొరికితే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినా అంతే. 2023 జనవరి నుంచి ఇవే రేట్లు. హాస్టల్‌లో ఉంటే ఇందులో సగం ఇంటికి పంపిన పిల్లలు నాకు తెలుసు. ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీలో చేరకు. ఈ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. నేను ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌లో చేశాను. పొద్దున నాలుగు క్లాసులు, శనివారం బస్సులో హైదరాబాద్, ఎండాకాలం వస్తే అడ్మిషన్ల కోసం ఊరూరా తిరగడం. ఒక ఏడాది ఆ కాలేజీ నాలుగు నెలలు జీతం ఇవ్వలేదు. అప్పు చేసి ఫీజు కట్టాను. ఎనిమిదేళ్లు పట్టింది. చేయగలిగే పనిలో సగమే చేశానన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఎంటెక్ రెండేళ్లు, పీహెచ్‌డీ నాలుగైదేళ్లు. అంటే ఇరవై ఎనిమిది, ముప్పై ఏళ్ల వయసుకు అసిస్టెంట్ ప్రొఫెసర్. ఏడో వేతన సంఘం స్కేలు ఇచ్చే చోట మూల వేతనమే 57,700, దాని మీద డీఏ, ఇంటి అద్దె. ప్రైవేటు కాలేజీల్లో చాలాచోట్ల ఈ స్కేలు కాగితం మీదే ఉంటుంది, చేరేముందు అక్కడ పనిచేసేవాళ్లను అడుగు. అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకు నేరుగా పోవాలంటే ఎనిమిదేళ్ల అనుభవం, అందులో రెండేళ్లయినా పీహెచ్‌డీ తర్వాతవి. ప్రొఫెసర్‌కు కనీసం పదేళ్లు, అందులో మూడేళ్లు అసోసియేట్‌గా. ఇవి కనీసాలు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు కాబట్టి నలభై దాటాక ప్రొఫెసర్ అయినవాళ్లే ఎక్కువ. మహాత్మా గాంధీ యూనివర్సిటీ 2007లో, పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. మా కాలంలో ఈ జిల్లాల పిల్లలకు అవీ లేవు.

మీ నాన్న "ఇంకెన్నేండ్లు చదువుతవ్ బిడ్డా" అని అడుగుతున్నాడని రాశావు. ఆయన అడగడం న్యాయమే. ఫెలోషిప్ డబ్బు చదువు ఖర్చు కాదని, జీతంలాగా నెలనెలా బ్యాంకులో పడుతుందని ఆయనకు అంకెలతో చెప్పు. నా దగ్గర చేసిన ఒకమ్మాయి మొదటి నెల పడిన మెసేజ్ వాళ్ల నాన్నకు చూపించింది, ఆ తర్వాత ఆయన ఆ ప్రశ్న అడగలేదు. పెళ్లి విషయం నువ్వు రాయలేదు గాని ఇంట్లో వస్తుంది, రాకుండా ఉండదు. యూజీసీ నిబంధనల్లో పీహెచ్‌డీకి ఆరేళ్ల గడువు, ఆడవాళ్లకు ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది. ప్రసూతికి, పిల్లల సంరక్షణకు 240 రోజుల దాకా సెలవు ఉంది. ఇది దయ కాదు, నిబంధన. గైడ్ ముఖం చిట్లించినా వాడుకో.

పాఠం చెప్పడం గురించి నువ్వు అడగలేదు. ప్రొఫెసర్ బతుకులో ఎక్కువ గంటలు అదే, అందుకని చెప్తున్నాను. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు. మా క్లాసుల్లో సగం మంది తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు, లెక్క వచ్చి కూడా ఇంగ్లిష్‌కు భయపడి నోరు విప్పరు. గ్రేడియంట్ చెప్పేటప్పుడు వాళ్లను నల్గొండలోని లతీఫ్ సాహెబ్ గుట్ట మీద నిలబెట్టినట్టు ఊహించుకోమంటాను. మెట్ల మీదుగా నేరుగా ఎక్కితే ఆయాసం, గుట్ట చుట్టూ ఒకే ఎత్తులో నడిస్తే ఏమీ లేదు. నిలబడ్డ చోటు ఒకటే, వాలు మాత్రం నువ్వు తిరిగిన దిక్కును బట్టి మారింది. అన్నిటికంటే నిటారుగా పైకి ఎక్కే దిక్కు ఏదో అదే గ్రేడియంట్ దిక్కు. వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు, "అయితే నీళ్లు దానికి ఉల్టా పారుతయి కదా సార్" అన్నాడు ఒకసారి. డార్సీ సూత్రంలో మైనస్ గుర్తు ఎందుకుందో వాడు చదవకుండానే చెప్పాడు. ఆ రోజు నాకు పేపరు అచ్చైనంత సంతోషం. పాఠం బాగా చెప్పాలనుకునేవాళ్లకు రీసెర్చ్ రాదనే మాట కాలేజీల్లో వింటావు, నమ్మకు. ఫస్టియర్ పిల్లలకు అర్థమయ్యేలా చెప్పలేని ప్రతిసారీ నాకే సగం అర్థమైందని తేలింది.

భాష సంగతి కూడా. పేపర్లు ఇంగ్లిష్‌లోనే రాయాలి, తప్పదు, నేర్చుకుంటావు. కానీ ఏ సమస్య మొదలుపెట్టినా ముందు ఒక పేజీ తెలుగులో రాసుకో: ఏం తెలుసు, ఏం తెలియదు, తెలిస్తే ఎవరికి ఉపయోగం. నా విద్యార్థులందరితో ఇది రాయిస్తాను. ఇంగ్లిష్‌లో అయితే చదివిన పేపర్ల వాక్యాలే చేతిలోకి వచ్చేస్తాయి, అర్థం కాకపోయినా పేజీ నిండుతుంది. తెలుగులో అట్లా నింపలేవు.

నువ్వు ఇప్పుడే చేయగలిగే పని ఒకటుంది, దీనికి గేట్, గైడ్ ఏవీ అక్కర్లేదు. మీ ఊళ్లో ఒక పది బోర్లు ఎంచుకో. ప్రతిదానికీ లోతు ఎన్ని అడుగులు, ఏ ఏడాది వేశారు, ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయి, దగ్గర్లో కుంట గాని చెరువు గాని ఉందా అని ఆ రైతునే అడిగి రాసుకో. ఫోన్‌లో లొకేషన్ గుర్తించు. మోటారు ఆపి ఉన్నప్పుడు తాడు దించి నీటిమట్టం కొలువు. వానలకు ముందు ఒకసారి, మొదటి పెద్ద వాన తర్వాత పది రోజుల పాటు రోజూ. మీ కాలేజీ ఎన్విరాన్‌మెంటల్ ల్యాబ్‌లో ఫ్లోరైడ్ కొలిచే సౌకర్యం ఉంటే ఒక్కో సీసా నీళ్లు తీసుకుపో, ప్లాస్టిక్ సీసాలోనే, గాజుది వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. ఏ బోరు వానకు వెంటనే పలికింది, ఏది పలకలేదు అన్నది ఒక కాగితం మీద గీసి చూడు. ఆ అంకెలు, ఆ గీత, తెలుగులో రాసిన ఒక పేజీ ఇక్కడే పెట్టు. నేను చూస్తాను. ఏ బోర్ల మధ్య పగులు కలిసి ఉండొచ్చో ఇద్దరం కలిసి లెక్క వేద్దాం.